బియోవుల్ఫ్ రాతప్రతి: భౌతిక లక్షణాలను, చేతులు మారిన చరిత్రను ఎలా వర్ణించాలి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం.

ప్రాచీన ఆంగ్ల కావ్యమైన బియోవుల్ఫ్ మీద నేను పరిశోధన చేస్తున్నాను. 3,182 పాదాల ఆ కావ్యం మనకు ఒకే ఒక్క రాతప్రతిలో దక్కింది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో కాటన్ విటెల్లియస్ ఏ 15 అనే గుర్తుతో ఉన్న సంపుటంలో అది ఉంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయాన్ని పూర్తిగా ఈ ప్రతికే కేటాయించాను. మా పర్యవేక్షకులకు తాళపత్రాలతో చాలాకాలంగా పరిచయం ఉంది కాబట్టి ఆయన ఒక షరతు పెట్టారు. తాళపత్ర గ్రంథాల వర్ణనాత్మక సూచికలో ఆకుల సంఖ్య, పుటకు పంక్తులు, లిపి, లేఖకుడు, స్థితి, ఎవరి దగ్గర నుంచి వచ్చింది అనే గళ్లు ఎలా ఉంటాయో, ఈ ఆంగ్ల ప్రతికి కూడా అవే గళ్లు నింపి చూపించాలనీ, ఆ పని పూర్తయ్యాకే కావ్య చర్చలోకి దిగాలనీ అన్నారు.

పని మొదలుపెట్టాక మూడు చోట్ల ఆగిపోయాను. మొదటిది ఆకుల సంఖ్య. కావ్యం 129వ ఆకు మీద మొదలవుతుందని కొన్ని గ్రంథాలలోనూ, 132వ ఆకు మీద మొదలవుతుందని మరికొన్నింటిలోనూ ఉంది. రెండూ ప్రామాణిక గ్రంథాలే. రెండవది యాజమాన్యం. ఈ సంపుటం సౌత్‌విక్ అనే మఠానికి చెందినదని ఒకచోట చదివాను. 1563కు ముందు ఈ కావ్యం ఎవరి దగ్గర ఉండేదో నమోదు లేదని మరొకచోట చదివాను. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు బోధపడలేదు. మూడవది స్థితికి సంబంధించిన గడి. 1731 నాటి అగ్నిప్రమాదంలో ఈ ప్రతి అంచులు కాలాయి. దానిని భౌతిక స్థితి కింద రాయాలా, యాజమాన్య చరిత్ర కింద రాయాలా? రెండు చోట్లా రాస్తే పునరుక్తి అవుతుంది, ఒక్కచోటే రాస్తే రెండవ భాగం అసంపూర్ణంగా కనిపిస్తుంది.

ఇక్కడ రాతప్రతులతో పనిచేసినవారూ, ఆంగ్ల సాహిత్యం బోధించేవారూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత గ్రంథాలయ అధికారి, తిరుపతి

అమ్మా, మీ పర్యవేక్షకులు సరైన పనే చెప్పారు. కావ్యాన్ని ప్రేమించేవారు చాలామంది ప్రతిని చూడకుండానే పాఠం గురించి మాట్లాడతారు. ఆ అలవాటు మన దగ్గర ఎంత ఉందో ఆంగ్లంలోనూ అంతే ఉంది.

ముందుగా సౌత్‌విక్ చిక్కు విప్పుకుందాం, ఎందుకంటే అది విడిపోతే మీ మిగిలిన సందేహాలు సగం తేలిపోతాయి. కాటన్ విటెల్లియస్ ఏ 15 అనే గుర్తు ఒక పుస్తకానికి చెందినది కాదు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు పుస్తకాలను ఒకే అట్టల మధ్య కుట్టిన సంపుటానికి చెందినది. మొదటి పుస్తకం 12వ శతాబ్దంలో రాసినది. అందులో సెయింట్ అగస్టిన్ స్వగతాలకు ప్రాచీన ఆంగ్ల రూపం, నికోడెమస్ సువార్త, సాలొమన్, సాటర్న్‌ల వచన సంవాదం వంటివి ఉన్నాయి. రెండవ పుస్తకం అంతకంటే పాతది, క్రీ.శ. 1000కి కాస్త అటూ ఇటూగా రాసినది. బియోవుల్ఫ్ ఈ రెండవ దానిలో ఉంది. 17వ శతాబ్దంలో సర్ రాబర్ట్ కాటన్ సంగ్రహంలోకి చేరాకనే ఈ రెండూ ఒక్కటయ్యాయి.

సౌత్‌విక్ మఠం ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో ఉండేది. ఈ పుస్తకం సౌత్‌విక్‌లోని సెయింట్ మేరీ ఆలయానిదనీ, దీనిని అక్కడి నుంచి ఎత్తుకుపోయినవాడు గాని, ఈ యాజమాన్య వాక్యాన్ని మోసంతో చెరిపినవాడు గాని తగిన ప్రాయశ్చిత్తం చెల్లించకపోతే శాపగ్రస్తుడు కావాలనీ లాటిన్‌లో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం మొదటి పుస్తకంలో ఉంది. అది మొదటి పుస్తకానికి మాత్రమే వర్తిస్తుంది. మీరు చదివిన రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి కారణం ఇదే. బియోవుల్ఫ్ సౌత్‌విక్‌లో ఉండేదని మీ అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా రానివ్వకండి. అచ్చయిన వ్యాసాలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మాట. ఆ శాపవాక్యాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మన లేఖకులు గ్రంథాంతంలో రాసే శ్లోకం గుర్తుకు వచ్చింది. నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని పుస్తకమే వేడుకుంటున్నట్లు ఉండే ఆ శ్లోకం మీరు చూసే ఉంటారు. మన లేఖకుడి భయం పుస్తకం పాడవుతుందేమోనని, సౌత్‌విక్ వారి భయం దొంగతనం జరుగుతుందేమోనని. మీ అధ్యాయంలో ఒక పాదసూచికగా దీనిని ప్రస్తావిస్తే బాగుంటుంది, అంతకు మించి విస్తరించనవసరం లేదు.

ఇక రెండవ పుస్తకం, అంటే మీకు కావలసినది. దీనిని నోవెల్ కోడెక్స్ అంటారు, కోడెక్స్ అంటే ఆకులు కుట్టిన రాతపుస్తకం. దాని మొదటి పుట పైభాగంలో లారెన్స్ నోవెల్ అనే పండితుడు తన పేరూ, 1563 అనే సంవత్సరమూ రాసుకున్నాడు. ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉండేదో చెప్పే మొట్టమొదటి ఆధారం అదే. నోవెల్ ఆ సంవత్సరంలో ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ ఇంట్లో ఉంటూ, ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ అయిన బాలుడు ఎడ్వర్డ్ డి వీర్‌కు చదువు చెబుతున్నాడు. అదే పేరుతో లిచ్‌ఫీల్డ్ చర్చి డీన్‌గా ఉన్న బంధువు ఒకరు ఉండడంతో చాలాకాలం ఇద్దరినీ ఒకరిగా భావించారు. పాత గ్రంథాలలో నోవెల్‌ను డీన్ అని రాసి ఉంటే దానిని మీరు అనుసరించకండి. 1567లో ఆయన విదేశాలకు వెళుతూ తన కాగితాలను విలియం లాంబార్డ్ అనే మిత్రుడి వద్ద ఉంచాడు.

ఆ తరువాత కనిపించే యజమాని సర్ రాబర్ట్ కాటన్ (1571–1631). ఆయన తన గ్రంథాలయంలోని బీరువాల మీద రోమన్ చక్రవర్తుల ప్రతిమలు, వాటితోపాటు క్లియోపాత్రా, ఫాస్టీనాల ప్రతిమలు నిలిపాడు. విటెల్లియస్ ప్రతిమ ఉన్న బీరువాలో, పై అరలో, పదిహేనవ పుస్తకం అని ఈ గుర్తుకు అర్థం. ఆ బీరువాలు పోయి మూడు శతాబ్దాలు కావస్తున్నా గుర్తు మాత్రం నిలిచింది. అంటే ఈ ప్రతిని పేర్కొన్న ప్రతిసారీ మనం దాని ఒక యజమాని ఇంటి అమరికనే పేర్కొంటున్నాం. 1629లో మొదటి చార్లెస్ రాజు ఆజ్ఞతో ఆ గ్రంథాలయానికి తాళం పడింది. రెండేళ్లకు కాటన్ మరణించాడు. ఆయన మనుమడు సర్ జాన్ కాటన్ కాలంలో, 1701లో, పార్లమెంటు చట్టం ద్వారా ఆ సంగ్రహం జాతి సొత్తు అయింది. 1753లో స్థాపించిన బ్రిటిష్ మ్యూజియంకు, 1973లో బ్రిటిష్ లైబ్రరీకి దాని బాధ్యత సంక్రమించింది.

స్థితి గడి గురించి అగ్నిప్రమాదం సంగతులు తెలిసిన సభ్యురాలు ఇక్కడ ఉన్నారు, ఆమె చెబితే సబబుగా ఉంటుంది.

సమాధానం: ఆంగ్ల అధ్యాపకుడు, చిత్తూరు

పెద్దలు సౌత్‌విక్ విషయం స్పష్టంగా చెప్పారు. నేను ఆకుల సంఖ్య గురించీ, లేఖకుల గురించీ చెబుతాను.

129, 132 అనే రెండు అంకెలూ ఒకే ఆకును సూచిస్తాయి. పాత అంకె రాతప్రతి ఆకు మీదనే ఉంది. 1884లో గ్రంథాలయం వారు సంపుటం మొదట్లో ఉన్న మూడు ఆకులను కూడా లెక్కలోకి తీసుకుని కొత్త అంకెలు వేశారు. అందువల్ల సాధారణంగా మూడు అంకెల తేడా వస్తుంది. కొత్త లెక్క ప్రకారం సౌత్‌విక్ పుస్తకం 4 నుంచి 93 వరకు, నోవెల్ కోడెక్స్ 94 నుంచి 209 వరకు, అందులో బియోవుల్ఫ్ 132వ ఆకు ముందు పుట నుంచి 201వ ఆకు వెనుక పుట వరకు ఉంటాయి. కావ్యం మొత్తం 70 ఆకులు, అంటే 140 పుటలు. మీ సిద్ధాంత గ్రంథంలో కొత్త అంకెనే వాడండి, అయితే జూలియస్ జుపిట్జా 1882లో ప్రకటించిన ఛాయాప్రతి కొత్త అంకెల కంటే ముందుది కాబట్టి దానిని ఉటంకించేటప్పుడు పాత అంకె కూడా పక్కన ఇవ్వండి. ఈ ఒక్క విషయం మొదటి పాదసూచికలో చెప్పేస్తే, పరీక్షకులకు మళ్లీ సందేహం రాదు.

నోవెల్ కోడెక్స్‌లో బియోవుల్ఫ్‌తో కలిపి ఐదు రచనలు ఉన్నాయి. మొదట్లో ఆకులు పోయిన సెయింట్ క్రిస్టఫర్ కథ, బొమ్మలతో కూడిన తూర్పు దేశాల వింతల వర్ణన, అలెగ్జాండర్ అరిస్టాటిల్‌కు రాసినట్లు చెప్పే లేఖ, ఆపైన బియోవుల్ఫ్, చివర బైబిల్ గాథలోని వీరవనిత జుడిత్ మీద రాసిన పద్యకృతి. అలెగ్జాండర్ లేఖ మన దేశంలో ఆయన చూసినట్లు చెప్పుకున్న వింతల గురించినది. పురుషోత్తముడు అందులో ఒక పాత్ర. బియోవుల్ఫ్ కథకు ముందు పుటలలో వెయ్యేళ్ల నాటి ఆంగ్ల లేఖకుడు భారతదేశం గురించి రాస్తున్నాడన్న సంగతి మన విద్యార్థులకు తరగతిలో చెప్పినప్పుడు వారు ఈ ప్రతిని పరాయి వస్తువుగా చూడడం మానేస్తారు. కొందరు పండితులు ఈ ఐదు రచనలనూ కలిపి ఉంచినది వింతజీవుల మీద ఆసక్తేనని అంటారు. బియోవుల్ఫ్‌లో గ్రెండెల్ అనే రాక్షసుడు, అతని తల్లి, డ్రాగన్ ఉన్నారు కాబట్టి ఆ వాదనలో బలం ఉందని నా అభిప్రాయం, అయితే జుడిత్ విషయంలో అది అంత సులువుగా పొసగదు.

లేఖకులు ఇద్దరు. మొదటి లేఖకుడు క్రిస్టఫర్ కథ, తూర్పు వింతలు, అలెగ్జాండర్ లేఖ, బియోవుల్ఫ్‌లో 1939వ పాదం మధ్య వరకు రాశాడు. అక్కడి నుంచి కావ్యం చివరి వరకూ, ఆ తరువాత జుడిత్‌నూ రెండవ లేఖకుడు రాశాడు. మార్పు జరిగినది పాదం మధ్యలో, 175వ ఆకు వెనుక పుటలో, నాలుగవ పంక్తిలో. మీరు చిత్రంలో చూస్తే అక్షరాల తీరు మారడం శిక్షణ లేని కంటికి కూడా తెలుస్తుంది. ఇందులో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచే విషయం ఏమిటంటే, తరువాత కలం పట్టిన రెండవ లేఖకుడి దస్తూరి పాత పద్ధతికి చెందినది, మొదటివాడిది అప్పుడప్పుడే వ్యాపిస్తున్న కొత్త పద్ధతి. బహుశా పెద్ద వయసు లేఖకుడు చిన్నవాడి పనిని అందుకుని పూర్తి చేశాడని ఊహించవచ్చు. రెండవ లేఖకుడు మొదటివాడి భాగంలో తప్పులు కూడా దిద్దాడు, కాబట్టి ఆ ఊహకు కొంత ఆధారం ఉంది. ఎందుకు మారారన్నది మాత్రం ఊహకే వదిలేయాలి; అధ్యాయంలో దానిని నిర్ణయంగా రాయవద్దు.

గ్రంథాంతంలో లేఖకుడి పేరు గాని, సంవత్సరం గాని లేవు. మన తాళపత్రాలలో కనీసం ప్రభవ, విభవ వంటి సంవత్సర నామమైనా ఉంటుంది, అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి ఏ చుట్టులోదో మనం తేల్చుకోవాలి. ఇక్కడ ఆ ఆధారం కూడా లేదు కాబట్టి కాలనిర్ణయమంతా దస్తూరి మీదనే నిలిచి ఉంది. అలాగే పుటలో పద్యపాదాలు విడిగా ఉండవు. మన తాళపత్రాలలో పద్యాన్ని ఎడతెగకుండా రాసినట్లే ఇక్కడా వచనంలా ఒక చివర నుంచి మరో చివర వరకు, పుటకు సుమారు 20 నుంచి 22 పంక్తుల చొప్పున రాశారు. 3,182 అన్న లెక్క ఆధునిక పరిష్కర్తలు పాదాలుగా విడగొట్టిన తరువాత వచ్చినది. మీ ప్రశ్నలో కావ్యాన్ని ఆ అంకెతో పరిచయం చేశారు. భౌతిక వర్ణనలో మాత్రం ఆ అంకెను చేర్చవద్దు, అది ప్రతి లక్షణం కాదు.

ఒక విషయం మరచిపోకండి. బియోవుల్ఫ్ చివరి పుట బాగా అరిగిపోయి, అక్కడక్కడ అక్షరాలను మళ్లీ సిరాతో దిద్దినట్లు ఉంది. జుడిత్ ఆకులలోని పురుగు రంధ్రాలు బియోవుల్ఫ్ చివరి ఆకులలోని రంధ్రాలతో కలవవు. ఈ రెండింటినీ కలిపి చూసినవారు, ఒకప్పుడు బియోవుల్ఫ్‌తోనే పుస్తకం ముగిసేదనీ, జుడిత్ మొదట ఆ స్థానంలో లేదనీ వాదించారు. పురుగు తొలిచిన దారి కూడా యాజమాన్య చరిత్రకు సాక్ష్యమే, ఎందుకంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆకుల వరుస మార్చి కుట్టించారని అది చెబుతోంది.

సమాధానం: పత్ర సంరక్షణ చేసే సభ్యురాలు, చంద్రగిరి

మీ మూడవ ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెబుతాను. అగ్నిప్రమాదాన్ని స్థితి కింద రాయాలా, యాజమాన్యం కింద రాయాలా అని మీరు అడిగారు. సంఘటనను యాజమాన్యం కింద ఒకసారి రాసి, దాని ఫలితాన్ని ఆకు ఆకుకీ స్థితి కింద రాయండి. అలా చేస్తే పునరుక్తి రాదు. అయితే ఈ ప్రతి విషయంలో ఫలితం ఒక్క రాత్రితో ముగియలేదు, ఆ సంగతి చాలా వర్ణనలలో సరిగ్గా కనిపించదు.

1731 అక్టోబరు 23 తెల్లవారుజామున వెస్ట్‌మినిస్టర్‌లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో మంటలు చెలరేగాయి. కాటన్ సంగ్రహం అప్పటికి జాతి సొత్తు, తగిన భవనం లేక ఆ ఇంట్లో ఉంచారు. పుస్తకాలను కిటికీలలోంచి బయటకు విసిరి రక్షించారు. మరుసటి ఏడాది వెలువడిన నివేదిక ప్రకారం 958 సంపుటాలలో 114 పూర్తిగా పోయినవి గాను, 98 దెబ్బతిన్నవి గాను తేలాయి. మాల్డన్ యుద్ధం అనే పద్యం ఉన్న ఏకైక ప్రతి ఆ రాత్రి కాలిపోయింది. ముందే ఎత్తిరాసి పెట్టిన నకలు వల్లనే ఆ పద్యం ఈనాడు మనకు ఉంది. నోవెల్ 1562లో నకలు తీసుకున్న మరొక రాతప్రతి కూడా చాలావరకు ఆ మంటలకే ఆహుతి అయింది, నోవెల్ నకలు మిగిలింది. బియోవుల్ఫ్ ప్రతి అంచుల వెంట కాలి, లోపలి పాఠం చాలావరకు నిలిచింది.

ఇక్కడే అసలు నష్టం మొదలైంది. ఇది తోలుపత్రం. వేడి తగిలిన తోలు ముడుచుకుని పెళుసుబారుతుంది. కాలిన అంచు ఆ తరువాత ప్రతి స్పర్శకూ కొంచెం కొంచెం రాలుతుంది. 1731 నుంచి 1845 వరకు, అంటే నూట పద్నాలుగు సంవత్సరాల పాటు, ఆ అంచులకు ఏ రక్షణా కల్పించలేదు. చూడడానికి వచ్చినవారు పుట తిప్పిన ప్రతిసారీ అక్షరాలు పోయాయి. నిప్పు ఒక్క రాత్రిలో చేసిన నష్టాన్నీ, నిర్లక్ష్యం ఒక శతాబ్దం పాటు చేసిన నష్టాన్నీ ఒకే పద్దులో రాయడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మొదటిది ప్రమాదం. రెండవది కాపలాదారుల బాధ్యత.

ఈ రెండవ నష్టాన్ని మనం కొలవగలగడానికి కారణం గ్రిముర్ జాన్సన్ థోర్కెలిన్. ఐస్‌లాండ్‌లో పుట్టి డెన్మార్క్ ప్రభుత్వ పత్రాగారంలో పనిచేసిన ఆయన 1786లో బ్రిటన్‌కు వచ్చి, ఈ కావ్యానికి రెండు నకళ్లు సంపాదించాడు. ఒకటి కూలికి కుదిరిన లేఖకుడు రాసినది, రెండవది థోర్కెలిన్ స్వయంగా రాసినది. 1807లో ఆంగ్ల నౌకాదళం కోపెన్‌హాగన్ మీద ఫిరంగులు పేల్చినప్పుడు ఆయన ఇల్లు కాలింది, ముద్రణకు సిద్ధం చేసిన పరిష్కరణ బూడిదైంది. నకళ్లు మాత్రం దక్కాయి. ఆయన పట్టు వదలకుండా మళ్లీ పనిచేసి 1815లో కావ్యాన్ని మొదటిసారి అచ్చు వేయించాడు. ఈనాడు రాతప్రతిలో లేని దాదాపు 2,000 అక్షరాలు ఆ రెండు నకళ్లలో కనిపిస్తాయి. కడపలో బ్రౌన్ దొర పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి నకళ్లు రాయించిన సంగతి మన ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. మూలం శిథిలమయ్యాక నకలే మూలానికి సాక్షి అవుతుందని అప్పటి నకళ్లతో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

1845లో బ్రిటిష్ మ్యూజియం రాతప్రతుల అధికారి సర్ ఫ్రెడరిక్ మాడెన్ పర్యవేక్షణలో హెన్రీ గఫ్ అనే జిల్దుకారుడు ప్రతి ఆకునూ విడదీసి, ఆకు ఆకారానికి సరిపడా మధ్యలో కత్తిరించిన మందపాటి కాగితపు చట్రంలో అతికించాడు. రాలడం ఆగింది. ఆ పనిని నేను గౌరవిస్తాను, ఎందుకంటే అప్పటికి అంతకంటే మంచి పద్ధతి వారి చేతిలో లేదు. దానికి మూల్యం కూడా ఉంది. చట్రం అంచు ఆకు వెనుక పుటల మీద కొన్ని అక్షరాలను కప్పేసింది. 1980ల నుంచి కెవిన్ కీర్నన్ అనే ఆచార్యుడు ఆకు వెనుక నుంచి సన్నని కాంతితీగ ద్వారా వెలుగు పంపి ఆ కప్పిన అక్షరాలను చదివాడు, తరువాత వాటి చిత్రాలను ఎలక్ట్రానిక్ బియోవుల్ఫ్‌లో చేర్చాడు. కెంటకీ విశ్వవిద్యాలయం ద్వారా అది అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంది. మీరు తిరుపతిలో కూర్చునే ఒక్కొక్క పుటను ఆ వెలుగులో చూడవచ్చు.

భౌతిక వర్ణనలో రెండు జాగ్రత్తలు తీసుకోండి. సూచికలో కొలతలు రాసేటప్పుడు చట్రం కొలతను ఆకు కొలతగా రాయకండి. ఆకుల అంచులు కాలిపోయాయి కాబట్టి మొదటి పరిమాణం ఇప్పటి ఆకులలో ఏదీ చూపదు. రెండవది, ఆకులను విడదీసి ఒక్కొక్కటిగా అతికించడంతో మడత పెట్టిన కట్టలు పోయాయి. ఏ ఆకు ఏ ఆకుతో జంటగా ఉండేదో ఇప్పుడు చర్మం వెంట్రుకల వైపు, మాంసం వైపు ఎలా వరుసగా వస్తున్నాయో చూసీ, గీతల కోసం గుచ్చిన రంధ్రాలను బట్టీ ఊహించాలి. అందుకే కట్టల విషయంలో పండితుల లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ గడిలో ఒక్క అంకె రాసి ఊరుకోవద్దు, ఎవరి లెక్క అనుసరిస్తున్నారో రాయండి.

ప్రశ్నకర్త: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

పెద్దలందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సౌత్‌విక్ సందేహం పూర్తిగా తీరింది. ఆకుల అంకెల విషయం మొదటి పాదసూచికలో పెడుతున్నాను.

మరొక రెండు ప్రశ్నలకు మన్నించండి. థోర్కెలిన్ నకళ్లలో మాత్రమే ఉన్న అక్షరాలను నేను రాతప్రతి పాఠంగా చూపవచ్చా? ఇంకా, 1000 నుంచి 1563 వరకు ఉన్న ఐదు వందల అరవై సంవత్సరాల ఖాళీని యాజమాన్య గడిలో ఎలా చూపాలి? ఆ గడిని ఖాళీగా వదలడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

సమాధానం: ఆంగ్ల అధ్యాపకుడు, చిత్తూరు

నకళ్లను రాతప్రతి పాఠంగా చూపకూడదు. పాఠంలో ఆ అక్షరాలను వేరే గుర్తుతో చూపి, ఏ నకలు నుంచి వచ్చాయో చెప్పండి. కూలికి రాసిన లేఖకుడికి ప్రాచీన ఆంగ్లం రాదు కాబట్టి అతను ఆకారాన్ని చూసి గీశాడు. అక్షరాలను తికమకపడ్డాడు గాని పదాలను సొంతంగా సరిచేయలేదు. థోర్కెలిన్‌కు భాష కొంత తెలుసు కాబట్టి కొన్నిచోట్ల తాను అనుకున్న పదాన్నే చూశాడు. ఈ రెండు రకాల తప్పులూ వేర్వేరు కాబట్టి, రెండు నకళ్లూ ఒకే అక్షరాన్ని చూపినచోట మాత్రమే మీకు బలమైన ఆధారం దొరుకుతుంది. 1705లో హంఫ్రీ వాన్లీ అనే పండితుడు అగ్నిప్రమాదానికి ముందే ఈ ప్రతిని తన సూచికలో వర్ణించాడు. ఆయన కావ్యాన్ని స్వీడన్ రాజులతో డేన్ వీరుడు చేసిన యుద్ధాల కథగా భావించాడు, అది సరికాదు. అయినా కాలకముందు ప్రతిని కళ్లారా చూసినవాడిగా ఆయన రాసిన మాట మీకు అవసరం.

సమాధానం: విశ్రాంత గ్రంథాలయ అధికారి, తిరుపతి

ఖాళీ గడిని ఖాళీగా వదలడం తప్పు కాదమ్మా, దానిలో ఊహను నింపడమే తప్పు. తాళ్లపాక వారి రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలోనే ఉండి, శతాబ్దాల పాటు ఎవరూ చదవక, 20వ శతాబ్దంలో పండితుల దృష్టికి వచ్చాయి. వాటి యాజమాన్యంలో విరామం లేదు, పఠనంలో ఉంది. బియోవుల్ఫ్ సంగతి అందుకు భిన్నం. 1563కు ముందు ఎవరి దగ్గర ఉందో చెప్పే రాతే లేదు. మఠాల రద్దు కాలంలో, అంటే 1536 నుంచి 1540 మధ్య, ఆంగ్ల మఠాల గ్రంథాలయాలు చెదిరిపోయాయి. ఈ పుస్తకం కూడా అలాగే బయటపడి ఉండవచ్చునని చాలామంది భావిస్తారు, అది సంభావ్యమే. దానిని సంభావ్యమని స్పష్టంగా గుర్తించి, యాజమాన్య గడిలో కాకుండా గడి కింద వ్యాఖ్యలో రాయండి.

ఆ కాలానికి సంబంధించి ప్రతిలోనే ఉన్న ఆధారాలను మాత్రం ఆ గడిలోనే చేర్చవచ్చు. అధ్యాపకులు చెప్పిన అరిగిన చివరి పుట, సిరాతో దిద్దిన అక్షరాలు, జుడిత్ ఆకుల స్థానం, పురుగు రంధ్రాలు, మొదట్లో పోయిన క్రిస్టఫర్ కథ ఆకులు, వీటన్నింటినీ వరుసగా రాస్తే పేర్లు లేకపోయినా పుస్తకం పడిన అవస్థలు కనిపిస్తాయి. గడిలో మొదటి వరుసలో క్రీ.శ. 1000 ప్రాంతం, ఇద్దరు లేఖకులు, స్థలం నమోదు లేదు అని రాయండి. రెండవ వరుసలో 1563కు ముందు, యజమాని నమోదు లేదు, ప్రతిలో కనిపించే ఆధారాలు అని రాసి వాటిని చేర్చండి. మూడవ వరుస నోవెల్, 1563. నాలుగవది కాటన్, ఆయన కుటుంబం. అక్కడి నుంచి తేదీలు మీ దగ్గర ఉన్నాయి. కాటన్ వరుసలో సౌత్‌విక్ పుస్తకంతో కలిపి కుట్టిన సంగతి తప్పనిసరిగా పేర్కొనండి. 1845 నాటి చట్రాల పనికి మాత్రం ప్రత్యేకంగా ఒక వరుస ఇవ్వండి, ఎందుకంటే యజమాని మారకపోయినా ఆ సంవత్సరంతో పుస్తకం స్వరూపం మారింది.